ఆ మనిషి తాగలేదు

చెయ్యి ఇస్త్రీ యంత్రం రోలర్ల మధ్యకు పోయిన క్షణంలో కూడా గువ్వ పాడుతూనే ఉంది. ఆ పాటే కేకగా మారింది.

ఎదురుగా దుప్పటి రెండో కొస పట్టుకుని నిలబడ్డ పెద్దక్క తాడు కోసం పైకి చెయ్యి చాపింది. లాగితే యంత్రం ఆగిపోయే తాడు అది. చేతికి గాలే తగిలింది. తాడును పైకి చుట్టి ఇనుప కమ్మీకి ముడేసి చాలాకాలమైంది. ఆ సంగతి పెద్దక్కకు తెలుసు. తెలిసినా చెయ్యి దానికోసమే వెతికింది. ఎవరో పరుగెత్తి మెయిన్ స్విచ్ ఆపేసరికి జరగాల్సిన ఘోరం జరిగిపోయింది.

ఆసుపత్రులకూ హోటళ్లకూ దుప్పట్లు ఉతికి, ఆవిరి రోలర్ల మీద ఇస్త్రీ చేసి పంపే లాండ్రీ అది. లోపల పని అంతా గువ్వలాంటి ఆడవాళ్లదే. వాళ్ల తరఫున మాట్లాడేది పెద్దక్క. పదవేమీ లేదు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరిని తిట్టినా వెళ్లి అడిగేది ఆమే కాబట్టి ఆ పేరు పడింది. వయసులో ఆమెకంటే పెద్దవాళ్లు అక్కడ బోలెడుమంది.

మధ్యాహ్నానికల్లా నేల కడిగేశారు. రోలర్లకు కొత్త గుడ్డ చుట్టారు. యంత్రం మళ్లీ తిరిగింది. పెద్దక్క మళ్లీ దుప్పటి కొస పట్టుకుంది. అటు కొస ఇంకెవరో పట్టుకున్నారు. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఒళ్లు మొద్దుబారిపోయింది. ఎవరి చేతులో పనిచేస్తుంటే చూస్తున్నట్టు నిలబడింది.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లింది. గువ్వకు మోచేతి దాకా తీసేశారు.

"అక్కా, నేను నిద్రమత్తులో చెయ్యి పెట్టానంటున్నారంట, నిజమేనా?"

"అంటున్నారు."

"పాడుతున్నా కదా నేను. నిద్రలో ఎవరన్నా పాడతారా? నువ్వు విన్నావుగా."

"విన్నాను."

"ఆ ఒక్క ముక్క ఎవరితోనన్నా చెప్పక్కా."

గువ్వ కళ్లు మూసుకుంది. చెయ్యి ఉండాల్సిన చోట దుప్పటి చదునుగా పరుచుకుని ఉంది. అది తమ లాండ్రీ నుంచి వచ్చిందే. పెద్దక్క దాన్ని చూసింది. ఏమీ అనిపించలేదు.

మర్నాడు పొద్దున ఎవరూ పనిలోకి దిగలేదు. లారీలు నిలిపే షెడ్డులో గుమిగూడారు. అందరికంటే ముందు నోరు విప్పింది లారీ డ్రైవరు. కుర్రతనం, దూకుడు, మంచి మనసు, మూడూ ఉన్నవాడు.

"ఇవాళే తేల్చేద్దాం అక్కా! సూపర్‌వైజరు తాగి డ్యూటీకొచ్చాడని చెబుదాం. అందరిదీ ఒకే మాటైతే కాదనే మొనగాడెవడు?"

"ఆయన తాగడుగా అబ్బాయ్," అంది మడతల అత్త. ఇస్త్రీ అయిన దుప్పట్లు మడతపెట్టే ముసలావిడ ఆమె.

"తాగితే ఏంటి, తాగకపోతే ఏంటి అత్తా? రోజూ నిన్ను ముసలి గాడిదా అనట్లా?"

"అంటాడు."

"మరింకేం!"

అందరూ పెద్దక్క వైపు చూశారు.

"తాగలేదు," అంది పెద్దక్క.

"వచ్చిందండీ హరిశ్చంద్రుడి చెల్లెలు!" అని ఎవరో వెనకనుంచి అన్నారు. కొందరు నవ్వారు.

పెద్దక్క నవ్వలేదు, నొచ్చుకోలేదు. "తాగాడంటే ఆయన్ని గెంటేస్తారు. రేపు ఇంకొకడొస్తాడు. తాడు మాత్రం పైనే ఉంటుంది. కట్టించిందెవరు? మాటిమాటికీ తాడు లాగుతున్నాం, పని ఆగిపోతోంది, పైకి కట్టెయ్యమని ఓనరే వచ్చి చెప్పాడు. మన ముందే చెప్పాడు. విన్నాం. నోరెత్తామా? నేనూ ఎత్తలేదు."

ఆ మాట ఎవరికీ రుచించలేదు.

"మన తప్పు మనమే చాటుకోవాలా?" అని అడిగారెవరో.

"మనది మింగేసి వాళ్లది కక్కమంటే కక్కుతారా?" అంది పెద్దక్క.

"నిజం చెప్తే గెలుస్తామా అక్కా?" డ్రైవరు నిలదీశాడు.

"తెలీదు తమ్ముడూ."

సగంమంది డ్రైవరు పక్కన చేరారు. మాటా మాటా పెరుగుతుండగానే ఓనరు కారు వచ్చింది. వెనకే పోలీసు జీపు.

ఓనరు నిదానంగా దిగాడు. గొంతులో తేనె. "అంతా విచారించానమ్మా. సూపర్‌వైజరు తాగి పనిలోకొచ్చాడని తేలింది. తీసేశాను. ఆ అమ్మాయిని నేను చూసుకుంటా. ఇక పదండి, పని చూడండి."

డ్రైవరు ఓనరు మొహంలోకి చూశాడు. తన అబద్ధం ఓనరు నోట్లోంచి ఊడిపడింది! నిన్న గువ్వ నిద్ర, ఇవాళ సూపర్‌వైజరు తాగుడు. తాడు కట్టమన్న నోటికి మాత్రం ఏ మచ్చా లేదు.

గేటు దగ్గర సూపర్‌వైజరు టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని తల దించుకు నిలబడ్డాడు. "పీడా విరగడైంది," అనుకున్నారు కొందరు. ఒకరిద్దరు తలుపుల వైపు కదిలారు.

"గువ్వ నిద్రపోలేదు," అంది పెద్దక్క. గొంతు పెంచలేదు. "ఆ మనిషి తాగలేదు. మమ్మల్ని కుక్కల కంటే హీనంగా చూశాడు, అది వేరే సంగతి. తాడు కట్టమన్నది మీరు."

సూపర్‌వైజరు ఒక్కసారి తలెత్తి చూశాడు. మళ్లీ దించుకుని తన దారిన తాను వెళ్లిపోయాడు.

ఓనరు దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "సూపర్‌వైజరు ఉద్యోగం నీకే ఇద్దామనుకుంటున్నాను."

"కాస్త గట్టిగా చెప్పండయ్యా. వాళ్లకీ వినపడాలి."

ఓనరు మొహంలో రంగు మారింది. పోలీసుల వైపు తిరిగి, "జనాన్ని రెచ్చగొట్టేది ఇదే," అన్నాడు.

పెద్దక్క వెనక్కి తిరగలేదు. ఎవరన్నా వస్తారన్న ఆశ లేదు, రారన్న భయం కూడా లేదు. చేతులు పక్కన వేలాడుతున్నాయి. పోలీసు రెక్క పట్టుకుంటే ఎవరి రెక్కో అనిపించింది.

"నేనూ విన్నానయ్యా," అని వెనకనుంచి ఒక గొంతు. మడతల అత్తది. "కట్టమన్నది మీరే. ఆ రోజు నోరు మూసుకున్నాను. ఇవాళ మూసుకోను."

"నేనూ విన్నాను."

"నేనూ!"

తలుపుల దాకా వెళ్లినవాళ్లు వెనక్కొచ్చారు. ఒక్కొక్కరే వాకిట్లో మట్టిలో కూర్చున్నారు. మడతల అత్తకు మోకాళ్లు వంగకపోతే పక్కవాళ్లు పట్టి కూర్చోబెట్టారు. లోపల ఆవిరి బుసకొడుతూనే ఉంది. రోలర్ల దగ్గర మనుషులు లేరు.

పెద్దక్కను జీపెక్కించారు. జీపు కదిలి గేటు దాకా వచ్చి ఆగింది. అడ్డంగా దుప్పట్ల లారీ తెచ్చిపెట్టి ఉంది. తాళంచెవి వేలికి తగిలించుకుని డ్రైవరు దానికి ఆనుకుని నిలబడ్డాడు.

"బండి తియ్యరా!" అరిచాడు పోలీసు.

"చెడిపోయింది సార్."

అబద్ధం అలవాటుగా వచ్చేసింది నోటికి. జీపు ఊచల వెనకనుంచి పెద్దక్క అతన్నే చూస్తోంది. ఆ చూపులో మెచ్చుకోలు లేదు, తిట్టూ లేదు.

డ్రైవరు లారీని వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"లేదు సార్. బండి బాగానే ఉంది," అన్నాడు గట్టిగా. "నేనే తియ్యను."

తాళంచెవి జేబులో వేసుకుని, వెళ్లి ఆడవాళ్ల మధ్య మట్టిలో కూర్చున్నాడు.