తోడు జంతువు గడి

మా అక్కకి మోకాళ్ళు అరిగిపోయాయి, చూసుకునేవాళ్ళు లేరు, అందుకే నేను వెళ్తున్నాను. పర్మిట్ ఆఫీసులో ఎన్ని కిటికీల దగ్గర ఈ మాట చెప్పానో లెక్కలేదు. ఎవరూ అడగలేదు, అయినా చెప్పాను.

అక్క ఉండేది పక్క రాష్ట్రంలో. సరిహద్దుకి ఇవతల నేను, నా గుడ్డి గుర్రం, దాని ముందు మెడలో గంటతో నడిచే ఒక ఈము పక్షి. మేముంటున్న షెడ్డు నెలాఖరుకి ఖాళీ చేయాలి. ఈలోగా కాగితాలు రాకపోతే ముగ్గురిలో ఎవరో ఒకరు ఇక్కడే ఆగిపోవాలి.

గుర్రాన్ని పెద్దావిడ అంటాను. పార్కులో పిల్లల్ని మోసి మోసి, చూపు పోయాక నా దగ్గరికి చేరింది. ఈము పేరు దొరవారు. ఎవరికోసమూ మెడ వంచడు. ఆయన గంట ఎటు మోగితే పెద్దావిడ అటు నడుస్తుంది. చూసినవాళ్ళంతా "పక్షికి ఎంత జ్ఞానమో!" అంటారు. నేర్పింది నేనే అన్నట్టు నవ్వుతాను.

మొదటి కిటికీ పశువులది. కళ్ళజోడు గుమాస్తా పెద్దావిడ ఫారం చకచకా నింపించాడు. దొరవారి సంగతి ఎత్తగానే అతని కలం ఆగిపోయింది.

"కోడి జాతేనా అమ్మా?"

"నా అంత ఎత్తుంటాడు బాబూ."

"అయితే రెండో కిటికీకి వెళ్ళండి."

రెండో కిటికీ పక్షులది. బోను ఎత్తు రెండడుగులు మించకూడదట. "కాళ్ళు మడిచి కూర్చుంటుందా?" అని అక్కడామె నన్నే అడిగింది. మూడో కిటికీ పరదేశీ జంతువులది. "ఎక్కడ పుట్టింది?" అన్నారు. ఇక్కడే అన్నాను. "ఇక్కడ పుడితే పరదేశీ ఎలా అవుతుంది?" అన్నారు. నాకేం తెలుసు! మళ్ళీ మొదటి కిటికీ. తల ప్రాణం తోకకొచ్చింది. నాకు తోక లేదు కనక ఎక్కడ ఆగిందో తెలియలేదు.

రోజూ సాయంత్రం అక్క ఫోను. "తిన్నావా?" అంటుంది. "తిన్నాను" అంటాను. మా ఆయన పోయిన రెండేళ్ళ నుంచీ ఇదే అబద్ధం. నా ఒక్కదానికి పొయ్యి ఏం వెలిగిస్తాను? రెండు బిస్కెట్లు తిని పడుకుంటాను. "నీ మోకాళ్ళెలా ఉన్నాయి?" అంటే, "వాటికేం, నిక్షేపంలా ఉన్నాయి" అంటుంది. నన్ను కంగారుపెట్టకూడదని దాస్తోందనుకున్నాను.

నాలుగో రోజుకి మూడో కిటికీ ఒప్పుకుంది. పరదేశీ జంతువుని పధ్నాలుగు రోజులు పశువుల డాక్టరమ్మ ఆవరణలో విడిగా ఉంచాలి. ఆరోగ్యం బాగుంటేనే సంతకం.

"దొరవారు లేకపోతే గుడ్డిది ఎలా బతుకుతుంది బాబూ?" అని కళ్ళజోడు గుమాస్తా దగ్గర ఏడ్చినంత పనిచేశాను. అతను జాలిపడి, పెద్దావిడ ఫారంలో 'తోడు జంతువు' అని ఉన్న గడి చూపించాడు. అందులో 'ఈము' అని రాశాను. గడి నిండింది కదా, ఏదో మేలు జరుగుతుందనుకున్నాను. ఏమీ జరగలేదు.

దొరవారిని అప్పగించి, ఇంకో గంట కొని నా నడుముకి కట్టుకుని షెడ్డుకి వచ్చాను. పెద్దావిడ తిండి మానేస్తుందని నా భయం. ఆవిడ నా గంటని ఓసారి వాసన చూసి, నన్ను భుజంతో పక్కకి నెట్టి, తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగింది. గడ్డి మొత్తం ఖాళీ చేసింది. సంతోషించాలో ఏడవాలో తెలియక గంట విప్పకుండానే కూర్చున్నాను. మరి ఇన్నాళ్ళూ ఎవరు ఎవరికి దారి చూపించినట్టు?

దొరవారిని అప్పగించిన ఐదో రోజు డాక్టరమ్మ ఫోను చేసింది.

"తినట్లేదమ్మా."

"లేదండీ, శుభ్రంగా తింటోంది!"

"మీ గుర్రం సంగతి కాదు. నేను చెప్పేది పక్షి గురించి. గోడకి మెడ ఆనించి నిలబడుతోంది. ఇలా చిక్కిపోతే నేను సంతకం పెట్టలేను."

ఆఫీసుకి పరిగెత్తాను. విన్న గుమాస్తా రెండు ఫారాలూ ముందు పెట్టుకుని తల గోక్కున్నాడు.

"విడిగా ఉంచిన జంతువు దగ్గర తోడుని ఉంచొచ్చమ్మా. కానీ పక్షి ఫారంలో తోడు గడి ఖాళీగా ఉంది."

"గుర్రం ఫారంలో రాశాను కదయ్యా!"

"అందులో గుర్రానికి పక్షి తోడని ఉంది. పక్షికి గుర్రం తోడని లేదు. ఇద్దరూ ఒకరికొకరు తోడంటే కుదరదు, ఎవరో ఒక్కరే. ఎవర్ని రాయమంటారు?"

ఇదేం విడ్డూరం! పెళ్ళిలో కూడా ఇంత తేల్చి అడగలేదు. చాలాసేపు ఆలోచించి, పెద్దావిడ కాగితంలో 'ఈము' కొట్టేశాను. దొరవారి కాగితంలో 'గుర్రం' అని రాశాను.

పెద్దావిడని తాడు పట్టుకుని డాక్టరమ్మ ఆవరణకి నడిపించాను. గిట్టల చప్పుడు వినగానే లోపల గంట గణగణమని మోగింది. దొరవారు కంచె వెంట పరుగెత్తుకొచ్చి, ఎవరికీ వంచని మెడని వంచి, ఆవిడ గడ్డం కింద దూర్చాడు. ఆ తర్వాత ఆవిడ బకెట్లో దాణా తిన్నాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

పధ్నాలుగు రోజులూ మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు. ఇంకొక్క రోజులో నెల అయిపోతుందనగా కాగితాలు చేతికొచ్చాయి.

చెక్‌పోస్టు అధికారి లారీ వెనక్కి తొంగిచూసి, కాగితాలు తిరగేశాడు.

"ప్రయాణం పక్షిది. తోడు గుర్రం. సరే. మరి మీరు ఎందుకెళ్తున్నట్టు? కారణం రాయాలి."

"మా అక్కకి మోకాళ్ళు..." అన్నాను. అక్కడే ఆగిపోయాను. ఆయన అంతవరకు రాసి, కలం ఎత్తి చూస్తున్నాడు. వెనక లారీలో గంట నెమ్మదిగా మోగుతోంది.

"ఆ మోకాళ్ళ మాట కొట్టేయండి బాబూ. తోడు మా అక్క. ప్రయాణం నాది."

ఆయనకి అర్థమైందో లేదో, ఏదో రాసుకుని గేటు ఎత్తించాడు. లారీ కదలగానే ఫోను మోగింది.

"తిన్నావా?" అంది అక్క.

"లేదక్కా," అన్నాను. "ఏదైనా వండి ఉంచు."