పొగ ఆగిన బట్టీ

కట్టెను బూడిద చేయడానికి అగ్గిపుల్ల చాలు. బొగ్గు చేయాలంటే మాత్రం వారం రోజులు కాపలా కాయాలి. మాడుగులపల్లి పక్కన సర్కారు తుమ్మ కొట్టి బొగ్గు కాల్చేవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఒక్క పెద్దయ్యకే తెలియదు, పైగా అన్నీ తెలుసనుకునే మనిషి.

ఈసారి బట్టీ అచ్చమ్మది. ఇరవై ఏళ్లు ఆమె మొగుడు సైదయ్యే కాల్చాడు. ఊపిరితిత్తులు చెడిపోయాయని, ఇంకా పొగ మింగితే బతకడని మిర్యాలగూడ దవాఖానలో చెప్పారు. ఆయన వింటేనా! ఆమె కాలిస్తే బూడిదే మిగులుతుందని, తానే వస్తానని మొండికేశాడు. ఈ ఒక్క బట్టీ తనకు వదలమని, అది చెడితే మళ్లీ ఆయన్నే కాల్చమని అచ్చమ్మ ఒప్పించింది.

కట్టె పేర్చి, గడ్డి కప్పి, బురదమట్టి మెత్తి నిప్పు పెట్టింది. మొదట తెల్లపొగ వచ్చింది, అది కట్టెలోని నీళ్ల ఆవిరి. తర్వాత కళ్లు మండించే పసుప్పచ్చ పొగ. నాలుగోనాటికి పొగ సన్నబడి నీలంగా తిరిగింది. అప్పుడిక గాలి బొక్కలన్నీ మూసి మూడు రోజులు చల్లారనివ్వాలి. మూసేసి, ఒళ్లు కడుక్కుందామని బోరు దగ్గరికి పోయింది.

అంతలో ఆమె బావ పెద్దయ్య వచ్చాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు గదా, పొగ లేదు కాబట్టి నిప్పూ లేదనుకున్నాడు. బొగ్గు తీసిపెట్టి మరదలికి సాయం చేద్దామని పారతో ఒక పక్క తవ్వాడు. గాలి తగలగానే లోపలి బొగ్గు ఎర్రబడి మంట లేచింది. హడలిపోయి బిందెడు నీళ్లు ఎత్తాడు. పోస్తే పైమట్టి కరిగి బట్టీ మొత్తం తెరుచుకునేది. పరిగెత్తుకొచ్చిన అచ్చమ్మ బిందె లాగేసింది. తిట్టడానికి కూడా ఆగలేదు. చేతులు బొబ్బలెక్కుతున్నా దోసిళ్లతో తడిమట్టి తెచ్చి ఆ కంత పూడ్చింది.

మూడో రోజు ఇంటి నుంచి వచ్చి సైదయ్య ఆటో దిగాడు. జరిగిందంతా పెద్దయ్యే ఫోన్లో చెప్పాడట. బట్టీ విప్పారు. తవ్విన పక్క బూడిద, మిగతాదంతా బొగ్గు. సైదయ్య రెండు ముక్కలు తీసి ఒకదానితో ఒకటి కొట్టాడు. ఖంగుమన్నాయి. సగమే కాలిన పచ్చిబొగ్గయితే అట్లా మోగదు. తర్వాత ఆమె చేతులకు చుట్టిన గుడ్డ చూశాడు.

"నేనైతే భయపడి నీళ్లు పోసేటోణ్ణి," అన్నాడు. "ఇగ నేను రాను. నువ్వే సూస్కో."

ఆ మాట కోసమే ఆమె ఇన్ని పాట్లు పడింది. విన్నాక మాత్రం ఏడుపు ఆగలేదు. ఇరవై ఏళ్లు ఆ బట్టీల పక్కనే ఇద్దరూ కలిసి సద్ది తిన్నారు, ఇకనుంచి ఆమె ఒక్కతే తినాలి.