నార్మన్ సలహా ఇవ్వని గడి

లిఫ్టు మూడో అంతస్తు దాటేసరికి నార్మన్ మార్‌ఫ్లీట్ మాటల్లో అమెరికా సెనేటు దాకా వచ్చాడు.

"నాలుగు కోట్ల జనం ఉన్న రాష్ట్రానికీ ఇద్దరే సభ్యులు, ఆరు లక్షలున్న దానికీ ఇద్దరే. మనింట్లో అన్నదమ్ములం అయితే ఇలా పంచుకుంటామా, మీరే చెప్పండి?"

చక్రాల కుర్చీలో కూర్చున్న పెద్దాయనకి పిత్తాశయం తీసేసి రెండు రోజులైంది. "బాబూ, ముందు నన్ను టాయిలెట్ దగ్గర దింపు," అన్నాడాయన.

నార్మన్ దింపాడు. తలుపు బయట నిలబడి, న్యాయమూర్తుల్ని కూడా అక్కడ ఓట్లేసి ఎన్నుకుంటారన్న సంగతి కాస్త గొంతు పెంచి చెప్పాడు.

ఇంగ్లండులోని మా గ్రిమ్స్‌బీ ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్ళుగా నార్మన్ చేసే పని ఇదే, మనుషుల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి తోయడం. వయసు అరవై ఒకటి. పొడుగు మనిషి, తోసి తోసి ముందుకి కాస్త వంగిపోయాడు. ఒకప్పుడు ఎర్రగా ఉండి ఇప్పుడు బూడిద రంగుకి తిరిగిన మీసం, మెడలో దారానికి వేలాడే కళ్ళద్దాలు, బొటనవేళ్ళ మొదట్లో కాయలు. దుప్పటి అంచు చక్రంలో పడకుండా రోగి తొడ కిందికి మడిచి దోపడంలో అతన్ని మించినవాడు లేడు. తోస్తున్నంతసేపూ మాట్లాడతాడు. అతని మాటలన్నీ అమెరికా రాజకీయాలే. అమెరికా ఎప్పుడూ వెళ్ళలేదు. ఒకసారి పాస్‌పోర్టు తీసుకున్నాడు, అది ఒక్క ముద్ర కూడా పడకుండానే గడువు తీరిపోయింది. భార్య పౌలీన్ పదకొండేళ్ళ కిందట, గొడవేమీ పడకుండానే, "ఆ దేశంతో నువ్వే కాపురం చేసుకో" అని చెప్పి పక్క ఊరికి వెళ్ళిపోయింది.

ఈ పిచ్చి ఎక్కడ పట్టుకుందని ఎవరైనా అడిగితే నవ్వేస్తాడు గాని, అతనికి తెలుసు. పదకొండేళ్ళప్పుడు కాలు విరిగి ఇంట్లో పడుకున్నాడు. ఆ వారమే టీవీలో అమెరికా అధ్యక్షుడొకాయన నేను ఉద్యోగం మానేస్తున్నానని చెప్పాడు. ప్రపంచమంతా ఊపిరి బిగబట్టి విన్నది. ఆ వారమే నార్మన్ తండ్రికి చేపల పడవ మీద పని పోయింది. ఆ మాట తండ్రి వంటింట్లో చెబితే అమ్మ తప్ప ఎవరూ వినలేదు. పిల్లవాడికి ఈ తేడా ఏమిటో అర్థం కాలేదు. అర్థం చేసుకుందామని అమెరికా వైపు చూడటం మొదలుపెట్టాడు, యాభై ఏళ్ళయింది, ఇంకా చూస్తూనే ఉన్నాడు.

తొమ్మిదింటికి ఆరో వార్డు నుంచి పిలుపు వచ్చింది. తుంటి విరిగిన ఒకావిణ్ణి మంచంతో సహా స్కానింగ్‌కి తీసుకెళ్ళాలి. పేరు వెర్నా, వయసు ఎనభై మూడు. చిన్న మనిషి, తెల్లటి జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంది. నొప్పికి పెదవులు బిగించి ఉన్నా కళ్ళు మాత్రం గోడలన్నీ వెతుకుతున్నాయి.

"చల్లగా ఉందా అమ్మా?" అన్నాడు నార్మన్.

"మా ఊళ్ళో దీన్ని ఎండాకాలం అంటారు," అంది ఆవిడ. ఆ యాస వినగానే నార్మన్ మంచం ఆపేశాడు.

"మీరు అమెరికావారా?"

"ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాను. మీ ఊరి ఓడ ఇంజనీరుని చేసుకున్నాను. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఏం, మంచం ఎందుకు ఆగింది?"

ఏ రాష్ట్రం అని అడిగాడు. పెద్ద సరస్సుల పక్క రాష్ట్రం పేరు చెప్పింది. నార్మన్‌కి కాళ్ళు భూమ్మీద నిలవలేదు. ఈసారి ఎన్నికల్లో తూకం అటా ఇటా అని ఊగుతున్న రాష్ట్రాల్లో అదొకటి. ఇక ఆగుతాడా? స్కానింగ్ గదికి వెళ్ళేటప్పుడు ఒకసారి, అక్కడ వరసలో ఉన్నప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి, ఎవరికి ఓటెయ్యాలో, రెండోవాడికి ఎందుకు వెయ్యకూడదో విడమరిచి చెప్పాడు. ఆ పేర్లు ఇక్కడ అనవసరం.

"మా రాజుగారిని ఎవరూ ఎన్నుకోలేదు, అందుకే నోరు మూసుకుని ఉంటాడు. మీరేమో రాజుని ఓట్లేసి మరీ తెచ్చుకుంటారు. ఇక అతన్ని ఆపడం ఎవరి తరం? పైగా దానికి రెండేళ్ళ ప్రచారం! మేం ఆరు వారాల్లో తేల్చేస్తాం."

"తేల్చి ఏం చేస్తారు?"

"తరవాత అయిదేళ్ళూ సణుగుతాం."

వెర్నా నవ్వబోయి, తుంటి కలుక్కుమంటే ఆగింది. "మా జిల్లా, హాల్వర్ కౌంటీలో ఈసారి ఓటు చీటీ మీద ఆఖరి ప్రశ్న ఏమిటో తెలుసా?"

నార్మన్‌కి తెలీదు. అలాంటి కౌంటీ ఉందనే తెలీదు.

"అక్కడ కౌంటీ నడిపే వృద్ధాశ్రమం ఉంది. దాన్ని ప్రైవేటువాళ్ళకి అమ్మేద్దామా, ఉంచుకుందామా అని అడుగుతున్నారు. మా చెల్లెలు ఆర్డిస్ అందులోనే ఉంది. మనుషుల్ని గుర్తుపట్టదు, కిటికీని మాత్రం గుర్తుపడుతుంది. నాలుగేళ్ళ కిందటా ఇదే ప్రశ్న అడిగారు. పదకొండు ఓట్ల తేడాతో నిలిచింది." ఆవిడ తల తిప్పి అతన్ని చూసింది. "అవునూ, మీ ఊళ్ళో ముసలివాళ్ళ ఇంటిని ఎవరు నడుపుతున్నారు?"

నార్మన్ ఆలోచించాడు. రోజూ బస్సులో దాని ముందు నుంచే వస్తాడు. ఎవరు నడుపుతారో ఎప్పుడూ పట్టించుకోలేదు.

మంచం వార్డుకి చేరాక వెర్నా చేతిసంచీలోంచి పొడుగాటి కవరు తీసింది. ఓటు చీటీ. ఆవిడ మెట్ల మీద పడిన రోజే వచ్చింది. ఓటు వేసి, కవరు మీద ఒక సాక్షి చేత సంతకం పెట్టించి పంపాలి. పోలింగుకి పదహారు రోజులుంది. ఈ సాయంత్రం టపాలో పడితేనే అందుతుంది. రేపు పొద్దున్న ఆపరేషను. ఆవిడకి ఇక్కడ పిల్లల్లేరు, చుట్టాల్లేరు. పక్కింటావిడ సెలవులకి స్పెయిన్ వెళ్ళింది.

"సాక్షి అమెరికావాడే కానక్కర్లేదట. నువ్వు పెడతావా?"

నార్మన్ వార్డు సిస్టర్ జానిస్ దగ్గరికి వెళ్ళి అడిగాడు. ఆవిడ మందుల బల్ల దగ్గర నుంచి తల ఎత్తలేదు.

"పేషెంట్ల కాగితాల మీద స్టాఫ్ సంతకాలు పెట్టకూడదు. నీకు తెలీనట్టు అడుగుతావేం?"

"వీలునామా కాదు సిస్టర్, ఓటు."

"ఏదైనా కాగితమే కదా."

"నా డ్యూటీ మూడింటికి దిగిపోతుంది."

జానిస్ ఒక మాత్ర కప్పులో వేసి మూత పెట్టింది. "దిగాక నువ్వెవరో నాకేం తెలుసు?"

మూడింటికి నార్మన్ ఆసుపత్రి చొక్కా విప్పి బీరువాలో పెట్టాడు. తన కోటు వేసుకుని, పెద్ద గుమ్మంలోంచి బయటికి వెళ్ళి, వానలో నాలుగడుగులు నడిచి, మళ్ళీ అదే గుమ్మంలోంచి లోపలికి వచ్చాడు. రోగిని చూడటానికి ఉత్తి చేతులతో రారు కదా, అందుకని కింద కొట్లో పావుకిలో ద్రాక్షపళ్ళు కొన్నాడు. మంచం పక్కన చూడవచ్చినవాళ్ళకి వేసే నీలం ప్లాస్టిక్ కుర్చీలో ఇరవై ఆరేళ్ళలో ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చున్నాక చూస్తే అది ఒక పక్కకి ఒరుగుతోంది.

"ముందు ఇది చదువుకో," అని వెర్నా కవరు ఇచ్చింది.

నార్మన్ కళ్ళద్దాలు పెట్టుకుని అక్షరం వదలకుండా చదివాడు. సంతకం గీత పైన సన్నటి అక్షరాల్లో ఉంది. ఈ చీటీలో గుర్తు పెట్టిన ఏ గడి విషయంలోనూ, అభ్యర్థి అయినా ప్రతిపాదన అయినా, ఇలా వెయ్యమని గానీ వెయ్యొద్దని గానీ ఈ ఓటరుకి నేను సలహా ఇవ్వలేదు. ఇది అబద్ధమైతే శిక్షకి అర్హుణ్ణి.

రెండోసారి చదివాడు.

"నేను పెట్టలేనమ్మా."

"ఏం వచ్చింది?"

"పొద్దున్న వెళ్ళేటప్పుడు చెప్పాను... అక్కడ వరసలో చెప్పాను..."

"తిరిగొచ్చేటప్పుడు కూడా. మొత్తం మూడుసార్లు," అంది వెర్నా. "అయితే ఏం? ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుసు కదా."

యాభై ఏళ్ళుగా అమెరికాకి సలహాలిస్తూ వచ్చాడు, ఒక్కటీ అక్కడికి చేరలేదు. తీరా అమెరికా మొదటిసారి అతని పేరు అడిగితే, ఆ సలహాలే అడ్డం వచ్చాయి. తన నోటి మీద తనకి ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. ఇంకెవరున్నారు? స్టాఫ్ పెట్టరు. పక్క మంచం ఆవిడకి తన పేరే గుర్తులేదు. అయిదున్నరకి టపా పెట్టె ఖాళీ చేస్తారు.

వెర్నా అతని చేతిలోంచి కవరు తీసుకుంది.

"వృద్ధాశ్రమం గురించి నాకేమైనా చెప్పావా?"

"దాని సంగతే నాకు తెలీదు కదండీ."

"మరింకేం? నువ్వు సలహా ఇచ్చిన గడులన్నీ ఖాళీగా వదిలేస్తాను. నువ్వు నోరెత్తని గడి ఒక్కటే నింపుతాను. అప్పుడు నీ సంతకం అబద్ధం కాదు."

"అధ్యక్షుడి ఓటు ఖాళీగానా? మీ రాష్ట్రం అటా ఇటా ఊగుతుంటే! ఒక్కొక్క ఓటుకీ..."

వెర్నా కనుబొమ్మ ఎత్తింది. ఇదీ సలహాయే అని నార్మన్‌కి తట్టింది. నోరు మూసుకున్నాడు. అలా మూసుకోవడం అతనికి నిజంగానే నొప్పిగా ఉంది.

"ఓటు హక్కు వచ్చినప్పటి నుంచీ అధ్యక్షులకి వేస్తూనే ఉన్నాను," అంది వెర్నా. "ఒక్కడూ వచ్చి ఆర్డిస్ దుప్పటి మార్చలేదు. ఆ ఆశ్రమం పోతే మా చెల్లెల్ని తొంభై మైళ్ళ అవతల పడేస్తారు. అటు తిరుగు."

నార్మన్ కుర్చీతో సహా అటు తిరిగి కిటికీలోంచి కార్లు నిలిపే చోటు చూశాడు. వెనక కాగితం మడత విప్పిన చప్పుడు. పెన్ను ఒక్కసారే గీసింది. ఇంకోసారి గీస్తుందేమో అని చెవులు రిక్కించాడు. గీయలేదు.

తరవాత అతను సంతకం పెట్టాడు. దాని కింద తన ఇంటి నంబరు, వీధి, ఊరు రాశాడు. గ్రిమ్స్‌బీ అని రాసేటప్పుడు, బళ్ళో పిల్లాడిలా, ఒక్కొక్క అక్షరమే దిద్దాడు.

"ఓటైపోయింది కదా, ఇప్పుడు చెప్పు," అంది వెర్నా ద్రాక్షపండు నోట్లో వేసుకుని. "పొద్దున్న ఆ న్యాయమూర్తుల సంగతి మొదలుపెట్టి సగంలో ఆపేశావు."

నార్మన్ చెప్పాడు. ఆవిడ మధ్యలో ఆపి ప్రశ్నలేసింది, రెండుచోట్ల తప్పని దిద్దింది, ఒకచోట "అది మాత్రం నిజమే సుమా" అంది. అతని మాటలు ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఈ ఆసుపత్రిలో గాని, ఇంట్లో గాని ఇంతకు ముందు ఎవరూ లేరు. అయిదు దాటాక ఆవిడకి కళ్ళు మూతలు పడ్డాయి. నార్మన్ దుప్పటి అంచు ఆవిడ చెయ్యి కిందికి దోపి, బస్‌స్టాపు పక్కనున్న ఎర్ర పెట్టెలో కవరు వేశాడు. అది అడుగుకి తగిలిన చప్పుడు విన్నాకే బస్సెక్కాడు.

మర్నాడు ఏడింటికి జానిస్ అతన్ని పక్కకి పిలిచింది. "వెర్నా పోయింది నార్మన్, తెల్లారుజామున. నిద్రలోనే. గుండె ఆగిపోయింది, నొప్పేమీ పడలేదు."

పోయినవాళ్ళని లోపల దాచి, పై నుంచి చూస్తే ఖాళీగా కనిపించే బండి ఒకటి మా దగ్గర ఉంటుంది. దాన్ని తోయడానికి ఇద్దరు కావాలి. తోటిపనివాడు గ్యారీ ముందు పట్టుకున్నాడు, నార్మన్ వెనక. పొడుగు వరండా సగం దాటాక గ్యారీ తిరిగి చూశాడు.

"ఏం సెనేటరు గారూ, ఇవాళ ఉపన్యాసం లేదా? అక్కడ ఎవరు గెలుస్తారంటావు?"

ఓటు వేశాక పోలింగు రోజు రాకుండానే ఆ మనిషి పోతే, ఆ సంగతి తెలిస్తే, ఆ రాష్ట్రంలో కవరు పక్కన పెట్టేస్తారు. నార్మన్‌కి ఆ రూలు తెలుసు, ఎప్పుడో చదివాడు. అబద్ధం సంతకం పెట్టనన్నవాడు ఇప్పుడు ఈ నిజాన్ని ఏం చెయ్యాలి? అతన్ని ఎవరూ అడగలేదు. బండి కింది తలుపు దాటేదాకా పళ్ళు బిగించి తోశాడు.

నవంబరులో ఆ కౌంటీ ఫలితం కోసం అతను రెండు రోజులు వెతికాడు. వృద్ధాశ్రమం నిలిచింది, పంతొమ్మిది ఓట్ల తేడాతో. అధ్యక్షుడు ఎవరయ్యాడో అప్పటికి గ్యారీ చెప్పేశాడు.

కాని ఆ ఉదయం అవేవీ తెలీవు. జానిస్ చెబితే వెర్నా సామాను సర్దడానికి వెళ్ళాడు. చిన్న బీరువాలో స్వెట్టరు, చెప్పులు, చేతిసంచీ ఉన్నాయి. అన్నిటి కిందా మడవని కాగితం ఒకటి ఉంది. వచ్చే ఏప్రిల్‌లో అమెరికాలోని తన ఊళ్ళో జరిగే ఎన్నికలకి ఓటు చీటీ పంపమని దరఖాస్తు, నిండుగా రాసి పెట్టింది. విదేశంలో ఉంటున్నవాళ్ళు అందులో రెండింటిలో ఒకటి గుర్తు పెట్టాలి. తిరిగి వచ్చే ఉద్దేశం లేదంటే దేశానికి సంబంధించిన ఓటు మాత్రమే ఇస్తారు. ఉందంటేనే ఊరి చీటీ కూడా వస్తుంది.

'తిరిగి వచ్చే ఉద్దేశం ఉంది' అన్న దగ్గర నీలం సిరాతో టిక్కు ఉంది, కాగితం వెనక వేలితో తడిమితే తగిలేంత గట్టిగా పెట్టింది.