హారన్ కొట్టాను కదా

డిపోలో బస్సు కదిలించే ముందు మూడుసార్లు హారన్ కొట్టాలి. కింద ఎవరున్నా బయటికి దొర్లుకొస్తారు. చెవులు వినపడని ఫిట్టరు ఉద్యోగంలో చేరాక ఆ పద్ధతికి ఒక తాడు తోడైంది. ఒక కొస అతని మణికట్టుకి, రెండో కొస స్టీరింగుకి. డ్రైవరు లాగాలి, కింద నుంచి జవాబుగా తాడు కదిలేదాకా ఇంజను ముట్టుకోకూడదు.

పోట్లాడి ఆ తాడు పెట్టించింది టైర్ల సెక్షను అక్క. షెడ్డు మొత్తానికీ ఒక్కతే ఆడమనిషి. అందరూ చెవిటోడనే ఆ ఫిట్టరు ఆమెకి మాత్రం తమ్ముడు.

"మొన్న ఆడోళ్లు, ఇవాళ చెవిటోళ్లు. రేపు గుడ్డోడికి స్టీరింగిస్తారు కాబోలు," అనేవాడు మీసాల డ్రైవరు. "తాడు లాగి తోలడానికి ఇదేమన్నా ఎద్దుల బండా?"

ఆ మధ్యాహ్నం తమ్ముడు బస్సు కింద వెల్లకిలా పడుకుని గ్రీజు పెడుతున్నాడు. పాదాలు వెనక చక్రం ముందున్నాయి. మీసాల డ్రైవరు ఎక్కి కూర్చుని, తాడు విప్పి బయటికి విసిరేశాడు. మూడు హారన్లు కొట్టాడు. పక్క బస్సుకి నట్లు బిగిస్తున్న అక్క తలెత్తేసరికి ఇంజను గుర్రుమంది.

"ఆపరా! కింద తమ్ముడున్నాడు!"

"హారన్ కొట్టాను కదా!"

బస్సు కదిలింది. కింద నుంచి ఒక కేక లేచింది. మాటలెరగని గొంతు, పేగులు తెంపుకొచ్చినట్టు.

అక్క వీల్ స్పానరుతో ఎగిరి డ్రైవరు పక్క అద్దం పగలగొట్టింది. గాజు పెంకులు వాడి మొహం నిండా గుచ్చుకున్నాయి. బ్రేకు పడింది.

"వెనక్కి తియ్యి! తియ్యకపోతే నీ తల పగులుద్ది!"

వాడు వెనక్కి తీశాడు. ఇంజను ఆగీ ఆగగానే అక్క వాడి కాలరు పట్టి కిందికి ఈడ్చింది. స్పానరు మొదటి దెబ్బకి వాడి మణికట్టు పుల్లలా విరిగింది. రెండో దెబ్బకి పళ్లు రాలాయి.

"వదలవే తల్లీ, చచ్చిపోతాడు!" నలుగురు వెనక నుంచి పట్టుకున్నారు. "నీ ఉద్యోగం ఊడిపోద్దే!"

"ఊడనీ!"

"అందరికీ ఒకటే రూలు," అన్నాడు వాడు, నెత్తురు ఉమ్ముతూ. "హారన్ కొట్టాను."

"అందరికీ చెవులున్నాయట్రా?"

అక్క విదిలించుకుని ఇంకో దెబ్బకి స్పానరు ఎత్తింది. అంతలో బస్సు కింద నుంచి తమ్ముడు మోచేతుల మీద పాక్కుంటూ రావడం కనిపించింది. స్పానరు చేతిలోంచి జారిపోయింది.

అక్క అతని బూటు కోసి తీసింది. చివరి రెండు వేళ్లూ నుజ్జునుజ్జు. ఆమె మొహం చూసి తమ్ముడు పళ్లు బిగపట్టాడు. మిగిలిన మూడు వేళ్లూ ఆడించి చూపించాడు.