శనివారం పుస్తకం

కచేరీ జవాను వచ్చి, "రేపు తాసీల్దారుగారి ముందుకు రావాలండి. ఆ పుస్తకం కూడా తెమ్మన్నారండి," అని చెప్పి వెళ్ళినప్పటినుంచి సంపూర్ణమ్మకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

సామర్లకోట దగ్గర మిషనువారి అనాథ పిల్లల బోర్డింగుకు పంతులమ్మ, వంటమనిషి, తల్లి, అన్నీ ఆమే. భర్త పోయాక ఆ ఉద్యోగమూ, వసారా పక్క గదీ తప్ప ఆమెకు మరో దిక్కు లేదు. మూడేళ్ళ క్రితం మిషను నడిపే దొరగారు ఆమెకో పని అప్పగించారు. ఎలాంటి పిల్లలు చెడిపోతారో, ఎలాంటివాళ్ళు బాగుపడతారో ఆయన తేల్చి చూడాలట. అందుకని ప్రతి శనివారం పిల్లలు వరసగా వచ్చి ఆ వారం చేసిన తప్పు చెప్పాలి. ఆమె అది రాసి, పక్కనే వాళ్ళేం తిన్నారో, ఎలా నిద్రపోయారో కూడా రాయాలి. చెప్పేటప్పుడు సాకులు చెప్పకూడదు, ఇంకొకరి తప్పు ఎత్తకూడదు. ఈ రెండు నియమాలూ సంపూర్ణమ్మే పెట్టింది. వాటిని చూసుకుని ఆవిడకు గర్వం కూడాను.

ఇప్పుడదే పీకల మీదికి వచ్చింది. కాలువ లాకు దగ్గర ఆగిన పడవలో ఎవరో బియ్యం తీశారు. పడవవాడు అనుమానం మీద బోర్డింగు పిల్లవాడు లాజరును పట్టించాడు. చూసినవాళ్ళు లేరు. కానీ దొరగారు ఈ పుస్తకం గురించి ఊరంతా గొప్పగా చెప్పి, ఎండలకు తాళలేక కొండల మీదికి వెళ్ళి కూర్చున్నారు.

తలుపు గడియ పెట్టి పుస్తకం తీసింది. "లాజరు, పదమూడేళ్ళు. పడవలో రెండు సేర్ల బియ్యం తీశాడు." పక్కనే ఆమె చేతిరాతే: "పిల్లలకు ఒక్కపూటే గంజి. ఇది మూడో వారం." మిషను నుంచి డబ్బు రావడం ఆలస్యమైతే, అడిగితే దొరగారేమంటారోనని జంకి, ఆమె పిల్లల కడుపు మాడ్చింది. ఇది నలుగురిలో చదివితే ఉద్యోగం ఉంటుందా?

పుస్తకాన్ని పొయ్యిలో పెట్టింది. వాడి కోసమే అనుకుంది. అందులో సగమే నిజం. దొరగారు అడిగితే చెదలు తిన్నాయని చెప్పొచ్చు.

మర్నాడు కచేరీలో తాసీల్దారు ఆమెను అడిగాడు. "పుస్తకం ఏదమ్మా?"

"అలాంటిదేమీ లేదండి," అంది సంపూర్ణమ్మ.

లాజరు తల తిప్పి ఆమెను చూశాడు.

దొరగారివన్నీ ఉత్త గొప్పలే అనుకున్నాడేమో, తాసీల్దారు వాడి వైపు తిరిగాడు. "ఏరా, నువ్వే తీశావా?"

లాజరు చేతులు కట్టుకుని, శనివారం నిలబడ్డట్టే నిలబడ్డాడు. "నేనే తీశానండి. రెండు సేర్లండి."

"ఎందుకు తీశావు?"

వాడు మళ్ళీ, "తీశానండి," అన్నాడు.

"ఆకలికి తీశానని చెప్పు, మందలించి వదిలేస్తాను. బోర్డింగులో తిండి పెట్టడంలేదా?"

"తప్పేనండి," అన్నాడు లాజరు. సాకు చెప్పలేదు, ఇంకొకరి తప్పు ఎత్తలేదు.

తాసీల్దారు సంపూర్ణమ్మను చూశాడు. "మీరేమైనా చెబుతారా అమ్మా?"

చెప్పాలి. ఒక్కపూట గంజి అంటే చాలు, వాడు ఇంటికి వస్తాడు. అది అంటే పుస్తకం బయటికొస్తుంది, అబద్ధం బయటికొస్తుంది, గది పోతుంది. ఆమె తల అడ్డంగా ఊపింది.

"కారణం లేకుండా దొంగతనం చేసేవాణ్ణి ఇక్కడ ఉంచితే పాడవుతాడు," అన్నాడు తాసీల్దారు. నేరం చేసిన పిల్లల కోసం చెంగల్పట్టులో ఉన్న బడిలో వాణ్ణి అయిదేళ్ళు ఉంచమని రాయించాడు.

జవాను వాణ్ణి బయటికి తీసుకుపోతుంటే కచేరీ వసారాలో ఆమె ఎదురైంది. అంత దూరం వాడెప్పుడూ వెళ్ళలేదు. జవానుకు వినబడకుండా దగ్గరికి వంగాడు.

"పుస్తకం సంగతి నేనెవరికీ చెప్పనండి. మీరు భయపడకండి అమ్మగారు."

ఆ మాటతో సంపూర్ణమ్మకు ప్రాణం లేచి వచ్చింది. అలా లేచి వచ్చినందుకు, వాడు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా, ఆమె తలెత్తి చూడలేకపోయింది.