పాలిష్ పట్టిన కార్బన్ పోగులు

మిర్యాలగూడలో ఇరవై ఏళ్లు బియ్యానికి పాలిష్ పట్టిన సురేందర్ గారికి, మెరవనిదేదీ అమ్ముడుపోదని గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే సూర్యాపేట బైపాస్ పక్కన షెడ్డు వేసి, పొలాలకు మందు కొట్టే డ్రోన్లకు కార్బన్ గొట్టాలు చేయించసాగారు. నల్లటి కార్బన్ పోగులకు జిగురు పట్టించి, పొరలు పొరలుగా చుడితే గొట్టం అవుతుంది.

చిక్కల్లా పోగు మరీ నున్నగా ఉండటమే, జిగురు నిలవదు. అందుకే ఆ షెడ్డులో గొట్టాల నాణ్యత చూసే సుకన్య పోగులను యాసిడ్‌లో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, కంటికి కనిపించనంత గరుకు చేసేది. అప్పుడు జిగురు గట్టిగా పట్టుకునేది. పాపం, చదువుకున్న పిల్ల, మెరుపు విలువ ఆమెకేం తెలుసు?

సెలవుకు ఇంటికెళ్లిన ఆమె సోమవారం ఆత్మకూర్ దగ్గరి తండా నుంచి వచ్చేసరికి గొట్టాలు తయారై ఉన్నాయి. మిగిలిన పోగులు తళతళలాడుతూ తవుడు నూనె వాసన కొడుతున్నాయి.

“సార్, పోగులకు నూనె రాయించిన్రా?”

“జర రాయించిన బిడ్డా. ఎంత ముద్దుగున్నయో సూడు. నువ్వు చేస్తే బూడిద పూసినట్టుంటయ్.”

సుకన్య ఒక గొట్టాన్ని బలం పరీక్షించే మిషన్‌లో పెట్టి వంచింది. అది ఉల్లిగడ్డలా పొరలుపొరలుగా విడిపోయింది.

“జిగురు పట్టలే సార్.”

“బస్తాల ఒక్క నూక దొరికితే బియ్యమంత పారబోస్తమా? ఎల్లుండి కోదాడల రైతులకు డ్రోన్ చూపెట్టే షో. గొట్టాలు గట్టిగున్నయని రిపోర్టు మీద సంతకం పెట్టు. లేకుంటే వేరేటోళ్లతోని పెట్టిస్త.”

షోలో డ్రోన్ తిరిగే మడి చివర జెండా పట్టుకొని నిలబడేది సుకన్య తండ్రి లింగ్యా. గొట్టం విరిగితే డ్రోన్ పడేది ఆయన మీదే. ఆ కూలి పని ఇప్పించింది కూడా సురేందర్ గారే, దయగల మనిషి. ఉద్యోగం పోతుందన్న భయం ఆ క్షణంలో ఆమెకు చాలా చిన్నదిగా కనిపించింది.

పెన్ను తీసుకుంది. “పెడ్త సార్. మా నాయిన బదులు జెండా మీరు పట్టుకుంటరా?”

“నేనా? నాకు బీపీ ఉన్నది గద.”

“మీ తమ్ముడు?”

“వానికి పిల్లలున్నరు.”

“మా నాయినకు గూడ ఉన్నరు సార్. ఒకదాన్ని నేనే.”

సురేందర్ గారు చీలిన గొట్టాన్ని చేతిలోకి తీసుకుని పొరలను వేలితో విప్పి చూశారు. తర్వాత, బయట ఎండ మండిపోతుండగా కోదాడకు ఫోన్ చేసి, ముసురు పట్టేటట్టున్నది, షో వాయిదా వేద్దామన్నారు. ఫోన్ పెట్టేసి, సుకన్య ముఖం చూడకుండానే, యాసిడ్ పని మళ్లీ మొదలుపెట్టమన్నారు.