సీసా గోడకు అంటుకున్నది

నేను నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తాను. నోరు మంచిది కాదని నాకు పేరు. ఉంటే ఉండనీ, నా నోటివల్ల ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. మంచివాళ్ళ మొహమాటాలే మా కొంప ముంచాయి.

మా నాన్నకు ఇంటి వెనక తాను వేయించిన బోరంటే కన్నబిడ్డతో సమానం. వచ్చినవాళ్ళందరికీ గ్లాసు నింపి ఇచ్చి, "చక్కెర కలిపావా అని అడుగుతావు, తాగి చూడు" అనేవాడు. కొన్నాళ్ళకు ప్రహరీ అవతల పాత ట్రాన్స్‌ఫార్మర్లు బాగుచేసే షెడ్డు వెలిసింది. వాటిలోంచి తీసిన పాత నూనె వాళ్ళు అక్కడే నేలమీద పారబోసేవాళ్ళు. ఆ ఏడాదే మా తమ్ముడి పెళ్ళానికి కడుపు పోయింది. మరుసటి ఏడాదీ అంతే. ఆమెను మేం పిట్ట అంటాం. మనిషి బక్కపలచన, మాట మాత్రం గట్టి.

"మామయ్యగారూ, ఈ నీళ్ళలో ఏదో ఉంది. నేనింక తాగను" అంది ఒకరోజు అన్నాల దగ్గర.

నాన్న సగం అన్నం వదిలేసి లేచిపోయాడు. అప్పట్నుంచి పిట్ట వీధి చివరి నుంచి క్యాను మోసుకొచ్చుకునేది. ఆయన ఆమెతో మాటలు మానేశాడు. తమ్ముడు ఇద్దరి మధ్యా నలిగి పిప్పయ్యాడు.

చివరికి తమ్ముడు ఆ నీళ్ళు మా ల్యాబుకే తెచ్చాడు. నేనప్పుడు శిక్షణ కోసం వేరే ఊళ్ళో ఉన్నాను. గాజు సీసాలు అయిపోయాయట. "నీళ్ళే కదా, ఎందులో పోస్తే ఏంటి?" అని మా పెద్దసారు ప్లాస్టిక్ సీసా ఇచ్చాడు. అది చాలా రోజులు అలమరలో పడి ఉంది. తర్వాత పరీక్ష చేసి, నూనె తాలూకు విషం ఏమీ లేదని రిపోర్టు ఇచ్చారు.

నేను తిరిగొచ్చేసరికి ఇంట్లో అందరూ నవ్వు మొహాలే. పిట్ట నాన్న ముందు నిలబడి, "తప్పు నాదే మామయ్యగారూ, లోపం నా ఒంట్లోనే ఉన్నట్టుంది" అందట. అని ఊరుకున్నా బాగుండేది! పెద్దాయన మనసు కుదుటపడాలని మళ్ళీ ఆ నీళ్ళే తాగడం మొదలుపెట్టింది. అప్పటికి తనకు మళ్ళీ నెల తప్పింది.

ఒక సాయంత్రం నా టిఫిన్ డబ్బా తోముతున్నాను. ప్లాస్టిక్ డబ్బా, ఎంత తోమినా జిడ్డు వదలదు. "పట్టుకున్నావంటే వదలవు కదే, దరిద్రమా" అని తిడుతూ తిడుతూ ఆగిపోయాను. ఆ విషానికి నీళ్ళంటే గిట్టదు, సందు దొరికితే ప్లాస్టిక్ సీసా గోడకు అంటుకుపోతుంది. వీళ్ళు పైనున్న నీళ్ళే వంచి పరీక్షించి ఉంటారు.

తడి చేతులతోనే తమ్ముడికి ఫోన్ చేశాను. "ఒరేయ్, పిట్టను ఆ నీళ్ళు ముట్టనివ్వకు. ఎందుకని అడగకు."

పొద్దున్నే పెద్దసారును పట్టుకున్నాను. "సీసా లోపలి గోడలు సాల్వెంట్‌తో కడిగి, అది కూడా కలిపి చూశారా సార్?"

"అంత చాదస్తం దేనికమ్మా?"

"మా ఇంటి కోడలు కడుపుతో ఉంది సార్. దానికి!"

మళ్ళీ నీళ్ళు తెచ్చాం, ఈసారి గాజు సీసాలో. వెంటనే పరీక్షకు పెట్టి, గోడలు కూడా కడిగి చూశాం. విషం ఉంది. ఉండకూడనంత ఉంది.

ఆ ఫలితం చేతికొచ్చిన రోజు పిట్ట ఆసుపత్రిలో ఉంది. మూడోది కూడా పోయింది. నీళ్ళవల్లేనని ఒట్టేసి చెప్పలేనంది డాక్టరమ్మ. కాదనీ చెప్పలేనంది.

నేను మంచం పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాను. నాన్న గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. పిట్ట అటు తిరిగి పడుకుని విన్నది.

"అంటే వదినా, అప్పుడు కూడా అందులో ఉందన్నమాట."

"ఉందే తల్లీ. సీసాకు అంటుకుపోయి ఉంది."

పిట్ట దుప్పటి మెడదాకా లాక్కుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "మామయ్యగారి ముందు తప్పు నాదేనని అన్నాను కదా. ఆ మాట వెనక్కి తీసుకోవచ్చా?"

నాన్న లోపలికొచ్చి, మంచం పట్టె పట్టుకుని, "తీసుకో తల్లీ, తీసేసుకో" అంటూ బావురుమన్నాడు.

పిట్ట ఆయన వైపు తిరగలేదు.